పోస్ట్‌గ్రెస్‌లో మీ పేరుతో ఒక కమిట్: సీనియర్ బ్యాకెండ్ ఇంజినీర్లకు అంచెలంచెల మార్గదర్శి

ఏళ్ల తరబడి బ్యాకెండ్‌లో పనిచేసినవారికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడకం గురించి కొత్తగా చెప్పేదేమీ ఉండదు. ఇండెక్సులు వేస్తారు, క్వెరీ ప్లాన్ చూపే ఎక్స్‌ప్లెయిన్ చదువుతారు, రెప్లికా (నకలు సర్వర్) వెనకబడితే అర్ధరాత్రి లేచి సరిచేస్తారు. దాని సోర్సు తెరిచి చూసినవారు మాత్రం తక్కువే. మనం ఆ డేటాబేస్ వాడేవారిగా మిగిలిపోకుండా, దాన్ని తయారుచేసేవారిలో ఒకరం కావాలంటే ఏ వరసలో ఏం చేయాలో కింద ఉంది. వారానికి ఐదారు గంటలు, ఒక ఏడాది పాటు కేటాయించగలిగితే చాలు.

ఒక్క విషయం మొదటే మనసులో పెట్టుకోండి. ఈ ప్రాజెక్టుకు కోడ్ రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ కోడ్‌ను ఓపిగ్గా చదివి, నడిపి, లోపం చెప్పేవాళ్లే కరువు. అందుకే ఇక్కడ ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పును చూపే ఫైలు) రాయడం కంటే ముందు ఇతరుల ప్యాచ్‌ను సమీక్షించడం వస్తుంది. చాలామంది ఈ వరస తిరగేసి, నెలల తరబడి జవాబు రాక విసిగిపోతారు.

ముందుగా కంపెనీ అనుమతి

దీన్ని చివరికి వదిలేయకండి. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17(సి) ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు వేరే ఒప్పందం ఏదీ లేకపోతే యజమానే తొలి హక్కుదారు. కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా ఆ చట్టంలో సాహిత్య రచనల కిందికే వస్తాయి. చాలా కంపెనీల నియామక పత్రాలు ఇంకో అడుగు ముందుకేసి, సొంత సమయంలో రాసినదాన్ని కూడా కలుపుకుంటాయి. మేనేజర్ నోటిమాట చాలదు. లీగల్ విభాగం నుంచో హెచ్ఆర్ నుంచో ఈమెయిల్ తీసుకోండి. అందులో ప్రాజెక్టు పేరు, లైసెన్సు పేరు, ఏ సమయంలో ఎవరి యంత్రంపై పనిచేస్తారన్నది స్పష్టంగా ఉండాలి. పోస్ట్‌గ్రెస్ లైసెన్సు బీఎస్‌డీ, ఎంఐటీ లైసెన్సుల కోవలోది. కోడ్ ఇచ్చేవారి నుంచి విడిగా ఒప్పంద పత్రం ఏదీ అడగరు. అంటే, ఆ కోడ్ ఇచ్చే హక్కు మీకుందన్న బాధ్యత పూర్తిగా మీదే.

ప్రాజెక్టు నడిచే తీరు

బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1986లో పోస్ట్‌గ్రెస్ పేరుతో మొదలై, 1996లో పోస్ట్‌గ్రెస్‌ఎస్‌క్యూఎల్ అయిన ఈ ప్రాజెక్టు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. కోడ్‌ను నేరుగా చేర్చే అధికారం ఉన్న కమిటర్లు ముప్ఫై మంది దాకా ఉంటారు. మిగతా అందరి పనీ వాళ్ల చేతుల మీదుగానే లోపలికి వెళ్తుంది.

గిట్‌హబ్‌లో కనిపించేది ఒక నకలు మాత్రమే. అక్కడ పుల్ రిక్వెస్ట్ పెడితే ఎవరూ తీసుకోరు. చర్చ అంతా హ్యాకర్స్ అనే మెయిలింగ్ లిస్టులో జరుగుతుంది. ప్యాచ్‌ను ఫైలుగా జతచేసి అక్కడికే పంపాలి. తర్వాత ఆ మెయిల్ థ్రెడ్‌ను కమిట్‌ఫెస్ట్ అనే వెబ్ యాప్‌లో నమోదు చేయాలి. కమిట్‌ఫెస్ట్ అంటే కొత్త కోడ్ పక్కనపెట్టి, ఉన్న ప్యాచ్‌లను సమీక్షించడానికి కేటాయించిన నెల. జులై, సెప్టెంబరు, నవంబరు, జనవరి, మార్చి నెలల్లో ఇవి జరుగుతాయి. ఏప్రిల్ మొదట్లో కొత్త ఫీచర్లకు తలుపులు మూస్తారు. తర్వాత బీటాలు వస్తాయి, సెప్టెంబరు ప్రాంతంలో కొత్త వెర్షన్ విడుదలవుతుంది. ప్రతి పెద్ద వెర్షన్‌కు ఐదేళ్ల మద్దతు ఉంటుంది.

ఈ క్యాలెండర్ తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. పెద్ద ప్యాచ్‌ను మొదటిసారి మార్చిలో పంపితే దాన్ని దాదాపు ఎవరూ ముట్టుకోరు. అదే ప్యాచ్ జులైలో పంపితే మెరుగుపరచుకోవడానికి ఐదు విడతలు దొరుకుతాయి. మీరు ఏప్రిల్‌లో మొదలుపెడుతున్నారనుకుంటే, జూన్ దాకా బిల్డు (సోర్సు నుంచి సర్వర్‌ను తయారుచేసుకోవడం), సోర్సు చదవడం, బీటాపై మీ సొంత క్వెరీలు నడిపి చూడటం, జులైలో సమీక్షలు, సెప్టెంబరుకు మీ సొంత చిన్న ప్యాచ్. ఈ లెక్క బాగా కుదురుతుంది.

బిల్డు: ఒక సాయంత్రం పని

ఉబుంటు మీద సి కంపైలర్, గిట్, బైసన్, ఫ్లెక్స్, పెర్ల్, ఐసీయూ, రీడ్‌లైన్, జెడ్‌లిబ్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు, మెసాన్, నింజా అనే బిల్డు సాధనాలు పెట్టుకోండి. విండోస్ వాడేవారికి, దాని లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ తేలిక దారి. పెర్ల్‌లో ఐపీసీ-రన్ మాడ్యూల్ కూడా కావాలి. అది లేకపోతే పెర్ల్‌లో రాసిన ట్యాప్ టెస్టులు నడవవు. కొన్ని సెటప్పుల్లో అవి చడీచప్పుడు లేకుండా తప్పుకుంటాయి, అన్నీ పాసైనట్టు కనిపిస్తుంది. అలాంటి పచ్చరంగును నమ్మి ప్యాచ్ పంపితే మొదటి మెయిల్‌లోనే పరువు పోతుంది.

వెర్షన్ 16 నుంచి మెసాన్‌తో బిల్డు చేసే వీలుంది. పాత కాన్ఫిగర్, మేక్ దారీ ఉంది. మెసాన్ వాడితే డీబగ్ బిల్డు రకం ఎంచుకుని, సీ-అసర్ట్ ఆప్షన్ ఆన్ చేయండి. అసర్ట్‌లు (కోడ్ నడుస్తుండగా దాని ఊహలు నిజమేనా అని చూసే తనిఖీలు) లేని బిల్డులో దాగిపోయే తప్పులు ఇందులో వెంటనే కూలి బయటపడతాయి. కాన్ఫిగర్ దారిలో వెళ్తే డీబగ్, సీ-అసర్ట్, ట్యాప్-టెస్ట్స్‌తో పాటు ఎనేబుల్-డిపెండ్ కూడా ఇవ్వడం మరవద్దు. అది లేకుండా ఒక హెడర్ ఫైలు మారిస్తే దానిపై ఆధారపడ్డ ఫైళ్లు మళ్లీ కంపైల్ కావు. స్ట్రక్చర్ ఒకచోట పాత కొలతతో, మరోచోట కొత్త కొలతతో ఉండి, అర్థంకాని క్రాషులు వస్తాయి. మెసాన్‌తో ఈ బెడద లేదు.

మొదటి రోజు అందరూ తగిలించుకునే మూడు దెబ్బలు ఇవి. రూట్ యూజర్‌గా సర్వర్ నడవదు, డేటా డైరెక్టరీని సృష్టించే ఇనిట్‌డీబీ కూడా నడవదు. డాకర్ కంటెయినర్లలో మామూలుగా రూట్‌గానే ఉంటాం కాబట్టి అక్కడ వేరే యూజర్‌ను సృష్టించుకోవాలి. యంత్రంలో ఇప్పటికే ఉన్న పోస్ట్‌గ్రెస్ 5432 పోర్టు పట్టుకుని ఉంటుంది, మీ బిల్డుకు వేరే పోర్టు, వేరే ఇన్‌స్టాల్ డైరెక్టరీ ఇవ్వండి. ఇక, మాస్టర్ బ్రాంచ్‌లో కొత్త మార్పులు లాగిన తర్వాత పాత డేటా డైరెక్టరీతో సర్వర్ లేవకపోతే కంగారుపడకండి. క్యాటలాగ్ (టేబుళ్లు, ఫంక్షన్ల వివరాలు దాచే అంతర్గత పట్టికలు) వెర్షన్ మారి ఉంటుంది. ఆ డైరెక్టరీ తీసేసి మళ్లీ ఇనిట్‌డీబీ చేయడమే మందు. అందుకే డెవలప్‌మెంట్ డేటా డైరెక్టరీలో పోతే బాధపడే డేటా ఏదీ ఉంచవద్దు.

సోర్సులో దారి తెలుసుకోవడం

లక్షల వరసల సి కోడ్‌ను మొదటి నుంచి చదవడం ఎవరి వల్లా కాదు. మీకు రోజూ ఎదురయ్యే ఒక ఎర్రర్‌ను పట్టుకుని లోపలికి వెళ్లండి. పోస్ట్‌గ్రెస్ కమాండ్‌లైన్ సాధనం పీఎస్‌క్యూఎల్‌లో వెర్బాసిటీని వెర్బోస్‌గా పెట్టి, కావాలని ఒక తప్పు క్వెరీ ఇవ్వండి. ఎర్రర్ కింద లొకేషన్ అనే వరస కనిపిస్తుంది: ఫంక్షన్ పేరు, ఫైలు పేరు, వరస సంఖ్య. అక్కడి నుంచి వెనక్కి నడవండి.

రెండో పద్ధతి జీడీబీ అనే డీబగ్గర్. పీజీ-బ్యాకెండ్-పిడ్ ఫంక్షన్‌తో మీ సెషన్ ప్రాసెస్ సంఖ్య తెలుసుకుని, జీడీబీని దానికి తగిలించి, ఎగ్జెక్-సింపుల్-క్వెరీ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టండి. ఒక సెలెక్ట్ ఇచ్చి అడుగడుగునా వెళ్తే పార్సర్, అనలైజర్, రీరైటర్, ప్లానర్, ఎగ్జిక్యూటర్ వరసగా ఎదురవుతాయి. ఎర్రర్ ఎక్కడ పుట్టిందో కాల్ స్టాక్‌తో సహా కావాలంటే ఎర్-ఫినిష్ దగ్గర ఆపండి.

ఆప్టిమైజర్, ట్రాన్సామ్, ఎన్‌బీట్రీ డైరెక్టరీల్లో రీడ్‌మీ ఫైళ్లున్నాయి. డేటాబేస్ ఇంజిన్ల గురించి దొరికే రాతల్లో ఇంత శ్రద్ధగా రాసినవి అరుదు. ప్రొడక్షన్‌లో బీ-ట్రీ ఇండెక్సులతో కుస్తీ పట్టినవారు ఎన్‌బీట్రీ రీడ్‌మీతో మొదలుపెడితే, పేజీ స్ప్లిట్ నడుస్తుండగా వెతికేవాడు దారి ఎలా తప్పడో అర్థమవుతుంది. మీరు ఇక ప్యాచ్ పంపకపోయినా సరే, ఈ చదువు మీ రోజువారీ పనిలో అక్కరకొస్తుంది.

ఒకరి ప్యాచ్‌ను సమీక్షించడం

ఒక ప్యాచ్ పంపేవారు అంతే క్లిష్టత ఉన్న మరొకరి ప్యాచ్ కనీసం ఒకటి సమీక్షించాలన్నది ఇక్కడి పద్ధతి. దీన్ని పన్నులా చూడకండి, పని నేర్చుకునే బడి ఇదే.

కమిట్‌ఫెస్ట్ జాబితాలో సమీక్ష కావాలన్న స్థితిలో ఉండి, సమీక్షకుల పేర్లు లేనివి వెతకండి. వాటిలో రెండు మూడు వందల వరసలు మించనిది, మీరు రోజూ వాడే భాగానికి చెందినది ఎంచుకోండి. మొత్తం థ్రెడ్ మొదటి మెయిల్ నుంచి చదవండి. ఇది తప్పించుకోలేని పని. రెండేళ్ల కిందట కాదన్న ఆలోచననే మళ్లీ సూచిస్తే మీరు చదవలేదని అందరికీ తెలిసిపోతుంది.

తర్వాత ఈ వరస పాటించండి. ప్యాచ్ నేటి మాస్టర్ మీద అతుకుతుందా? అతకకపోతే రీబేస్ (ప్యాచ్‌ను నేటి కోడ్‌కు సరిపడేలా మార్చడం) కావాలని రాయండి, అదీ పనికొచ్చే సమీక్షే. హెచ్చరికలు లేకుండా కంపైల్ అవుతుందా? మొత్తం టెస్టులు పాసవుతున్నాయా? కమిట్‌ఫెస్ట్‌లోని ప్యాచ్‌లను లైనక్స్, విండోస్, మ్యాక్‌ఓఎస్, ఫ్రీబీఎస్‌డీల మీద ఒక బాట్ నడిపి చూస్తూనే ఉంటుంది కాబట్టి దాని ఫలితం కూడా చూడండి. డాక్యుమెంటేషన్ ఉందా? ఆ డాక్యుమెంటేషన్ ఒక్కటే చదివి ఫీచర్ వాడగలుగుతున్నారా?

అసలు విలువ దీని తర్వాత మొదలవుతుంది. రాసినవారు ఊహించని చోట్ల దాన్ని తడమాలి. నల్ విలువలు, ఖాళీ టేబుల్, పార్టిషన్ చేసిన టేబుల్, తాత్కాలిక టేబుల్, అనుమతులు లేని రోల్, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్, రెండు సెషన్లు ఒకేసారి, రెప్లికా మీద, పీజీ-డంప్ తీసి మళ్లీ ఎక్కించాక. ప్రొడక్షన్‌లో మీరు చూసిన ప్రమాదాల జ్ఞాపకమే ఇక్కడ మీ బలం. సి భాషలో మీకంటే దిట్టలు అక్కడ చాలామంది ఉండొచ్చు, కానీ కనెక్షన్ పూలర్ వెనక నడిచే సర్వీసులో ఆ ఫీచర్ ఎలా తిరగబడుతుందో మీకు తెలిసినంతగా వాళ్లందరికీ తెలియకపోవచ్చు.

తెలుగువాళ్లకు ఇంకో సౌలభ్యం ఉంది. పదాలతో, వెడల్పులతో పనిచేసే ఏ ప్యాచ్‌నైనా తెలుగు పాఠంతో పరీక్షించండి. యూటీఎఫ్-8లో తెలుగు యూనికోడ్ క్యారెక్టర్ ఒక్కొక్కటి 3 బైట్లు. ‘తెలుగు’ అన్న మాట కంటికి మూడు అక్షరాలే, పోస్ట్‌గ్రెస్ క్యారెక్టర్-లెంగ్త్ మాత్రం 6 చూపుతుంది, ఆక్టెట్-లెంగ్త్ 18 చూపుతుంది. గుణింతపు గుర్తులు విడి కోడ్‌పాయింట్లు (యూనికోడ్ సంఖ్యలు) కావడమే కారణం. బైట్లకూ అక్షరాలకూ తేడా మరచిన కోడ్ ఇంగ్లీషు పాఠంతో ఎన్నిసార్లు నడిపినా దొరకదు, ఇలాంటి పాఠంతో దొరికిపోతుంది. అయితే రివర్స్ ఫంక్షన్ తెలుగు గుణింతాలను చెల్లాచెదురు చేస్తుందని బగ్ పెట్టకండి. అది కోడ్‌పాయింట్ల వరసను తిప్పుతుంది, అలా చేయడమే దాని పని.

సమీక్ష మెయిల్‌లో ఏ కమిట్ మీద, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఏ ఆప్షన్లతో, ఏమేం నడిపారో రాయండి. బాగుంది, పనిచేస్తోంది అన్న ఒక్క ముక్క వల్ల కమిటర్‌కు ఒరిగేదేమీ లేదు. తప్పు దొరికితే దాన్ని మళ్లీ పుట్టించే అతి చిన్న ఎస్‌క్యూఎల్ స్క్రిప్టు జతచేయండి. అవతలివారి మాటలో సంబంధిత భాగం ఉంచి దాని కింద జవాబు రాయడం, అందరికీ రిప్లై కొట్టడం ఇక్కడి మర్యాద. భాషా నమూనాలతో పుట్టించిన సమీక్షను అతికించి పంపకండి. మీరు నడిపి చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం సమీక్ష కాదు.

మొదటి ప్యాచ్ ఎంచుకోవడం

ప్రాజెక్టు వికీలో చేయాల్సిన పనుల జాబితా ఒకటి ఉంది. కొత్తవారు మొదట అటే వెళ్తారు. దాని జోలికి పోకండి. అందులో తేలికైనవి ఎప్పుడో అయిపోయాయి. మిగిలినవాటిలో చాలా వరకు కష్టమైనవో, ఏకాభిప్రాయం కుదరనివో.

బాగా అచ్చొచ్చే చోట్లు నాలుగు. డాక్యుమెంటేషన్‌లో మిమ్మల్ని తప్పుదారి పట్టించిన వాక్యం. పీఎస్‌క్యూఎల్ ట్యాబ్ కంప్లీషన్‌లో (ట్యాబ్ నొక్కితే మాట పూర్తిచేసే సౌకర్యంలో) లోటు: కొత్త ఫీచర్లకు అది తరచూ వెనకబడుతుంది, కోడ్ కూడా ఒక్క ఫైలులో ఉంటుంది. టెస్టులు తాకని కోడ్: ప్రాజెక్టు ప్రచురించే కవరేజీ నివేదికలో ఎర్ర వరసలు వెతకండి. చివరిది, మీరే పునఃసృష్టి చేయగలిగిన బగ్.

బగ్ సరిచేస్తుంటే మద్దతులో ఉన్న పాత బ్రాంచులన్నింటిలో అది ఉందో లేదో చూసి మెయిల్‌లో చెప్పండి. పాత బ్రాంచులకు వెళ్లే మార్పుల్లో పబ్లిక్ స్ట్రక్చర్ల అమరిక కదపకూడదు, ఎందుకంటే ఇప్పటికే కంపైల్ అయి ఉన్న ఎక్స్‌టెన్షన్లు విరిగిపోతాయి. భద్రతకు సంబంధించిన లోపం అనిపిస్తే బహిరంగ లిస్టుకు పంపనే వద్దు, ప్రాజెక్టు భద్రతా బృందానికి విడిగా రాయండి.

కొత్త సింటాక్సో, కొత్త ఫీచరో మనసులో ఉంటే కోడ్ రాయకముందే ఒక మెయిల్ పంపండి. సమస్య ఏమిటి, ఇప్పుడు జనం దాన్ని ఎలా నెట్టుకొస్తున్నారు, మీరు కోరే ప్రవర్తన ఏమిటి, వేరే దారులు ఎందుకు చాలవు. మూడు నెలలు రాసిన కోడ్‌కు మొదటి జవాబుగా ఇది మాకు అక్కర్లేదని వస్తే తట్టుకోవడం కష్టం.

కోడ్ శైలి, టెస్టులు

ట్యాబ్ వెడల్పు నాలుగు. బ్రేసులు విడి వరసలో. వరస 80 అక్షరాల్లో సర్దుకోవాలి. పంపేముందు సోర్సులోనే ఉన్న పీజీ-ఇండెంట్ నడపండి, మీరు తాకిన భాగాన్ని మాత్రమే ఉంచండి. సంబంధంలేని చోట ఖాళీలు సర్దితే సమీక్షకుడి కళ్లు అలసిపోతాయి.

మెమరీకి మ్యాలక్ కాదు, పీ-అలక్. కేటాయించినది ప్రస్తుత మెమరీ కాంటెక్స్ట్‌లో చేరి, ఆ కాంటెక్స్ట్‌తో పాటే విడుదలవుతుంది. ఎర్రర్ సందేశానికీ నియమముంది: ప్రధాన సందేశం చిన్న అక్షరంతో మొదలవ్వాలి, చివర ఫుల్‌స్టాప్ ఉండకూడదు. డీటెయిల్, హింట్ భాగాలు మాత్రం పూర్తి వాక్యాలు. క్యాటలాగ్ మార్చే ప్యాచ్‌లో క్యాటలాగ్ వెర్షన్ సంఖ్యను మీరు పెంచకండి, కమిటర్ పెంచుతారు. మీరు పెంచితే ప్రతి వారం ఆ వరస దగ్గరే ప్యాచ్ అతకకుండా పోతుంది. కొత్త ఓఐడీలు (క్యాటలాగ్‌లోని వాటికి ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) కావాలంటే అన్‌యూజ్డ్-ఓఐడ్స్ స్క్రిప్టు సూచించినట్టు 8000 నుంచి 9999 లోపు తీసుకోండి.

రిగ్రెషన్ టెస్టు అంటే ఒక ఎస్‌క్యూఎల్ ఫైలు, దానికి రావాల్సిన ఔట్‌పుట్ ఫైలు. తేడా వస్తే రిగ్రెషన్ డిఫ్స్ ఫైలులో కనిపిస్తుంది. మీ యంత్రంలో పాసై ఇతరుల దగ్గర ఫెయిలయ్యే టెస్టే ఇక్కడ పెద్ద తలనొప్పి. కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: ఆర్డర్ బై లేని సెలెక్ట్, ఎక్స్‌ప్లెయిన్‌లో కాస్టులు ఆఫ్ చేయకపోవడం, మధ్యలో ఆటోవాక్యూమ్ వచ్చి గణాంకాలు మార్చడంతో ప్లాన్ మారిపోవడం, లొకేల్‌ను బట్టి అక్షరక్రమం మారడం, ఫలానా సెకన్లలో పని అయిపోతుందని నమ్మడం. టెస్టులో సృష్టించే రోల్ పేర్లు రిగ్రెస్ అండర్‌స్కోర్‌తో మొదలవ్వాలి. రెండు సెషన్ల మధ్య పోటీని పరీక్షించాలంటే మామూలు టెస్టు కాదు, ఐసొలేషన్ టెస్టు రాయాలి.

పంపడం, ఆ తర్వాత ఓపిక

గిట్ ఫార్మాట్-ప్యాచ్‌కు వెర్షన్ సంఖ్య ఇచ్చి ఫైలు తయారుచేయండి. ప్రతి సవరణకూ ఆ సంఖ్య పెరగాలి, థ్రెడ్ మాత్రం అదే ఉండాలి. పని పెద్దదైతే విడదీయండి: ముందు ప్రవర్తన మార్చని రీఫ్యాక్టరింగ్, తర్వాత అసలు మార్పు. మొదటి ముక్క విడిగా కమిట్ అయిపోయే అవకాశమూ ఉంటుంది.

వచ్చిన ప్రతి వ్యాఖ్యకూ జవాబివ్వండి. ఒప్పుకుంటే ఏ వెర్షన్‌లో సరిచేశారో, ఒప్పుకోకపోతే ఎందుకో. ఒక్కటి వదిలేసినా సమీక్షకుడు గమనిస్తాడు. యాప్‌లో స్థితి రచయిత కోసం వేచి ఉన్నట్టు మారితే, కొత్త వెర్షన్ పంపాక దాన్ని తిరిగి సమీక్ష కావాలని మార్చడం మీ పని. మరచిపోతే ప్యాచ్ ఎవరికీ కనబడకుండా పడి ఉంటుంది. రెండు మూడు వారాలు నిశ్శబ్దం ఉంటే మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి, వట్టి గుర్తుచేయడం కాకుండా రీబేస్ చేసిన వెర్షన్‌తో. నిశ్శబ్దం అంటే తిరస్కారం కాదు.

పనితీరు పెంచామని చెప్పే ప్యాచ్‌లకు కొలతలు తప్పనిసరి. ఇక్కడ అసర్ట్‌లు ఆన్‌లో ఉన్న డీబగ్ బిల్డు వాడితే అంకెలు చెత్తబుట్టకే. ఆప్టిమైజ్ చేసిన విడి బిల్డు పెట్టుకోండి. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే కొలత సాధనం పీజీబెంచ్‌ను స్కేల్ 100తో సిద్ధం చేస్తే అకౌంట్స్ టేబుల్‌లో కోటి వరసలు వస్తాయి. క్లయింట్ల సంఖ్య స్కేల్ కంటే ఎక్కువైతే, చిన్నదైన బ్రాంచెస్ టేబుల్ వరసల మీద లాకుల పోటీనే కొలుస్తారు తప్ప మీ మార్పును కాదు. ప్యాచ్‌తో, ప్యాచ్ లేకుండా మార్చి మార్చి కనీసం ఐదేసిసార్లు నడిపి మధ్యగతం ఇవ్వండి. ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది కాబట్టి వీలైతే సర్వర్ మీద కొలవండి. లాభం కలిగే సందర్భంతో పాటు నష్టం కలగగల సందర్భాన్నీ మీరే కొలిచి చూపిస్తే చర్చ సగానికి తగ్గుతుంది.

కమిట్ అయిన రోజు కూడా అందుబాటులో ఉండండి. బిల్డ్‌ఫార్మ్ అనే రకరకాల యంత్రాల సముదాయం దాన్ని పాత ఆపరేటింగ్ సిస్టముల మీద, వేర్వేరు ప్రాసెసర్ల మీద నడుపుతుంది. ఎక్కడైనా ఎర్రబడితే కమిటర్ మీ వైపే చూస్తారు. సరిదిద్దలేకపోతే కమిట్ వెనక్కి పోతుంది.

దీన్ని కెరీర్‌లో ఎలా చూపాలి

కమిట్ సందేశంలో రచయితలు, సమీక్షకుల పేర్లు, చర్చ లింకు ఉంటాయి. ప్రతి పెద్ద వెర్షన్ విడుదల నోట్స్ చివర కృతజ్ఞతల జాబితాలో రచయితలతో పాటు సమీక్షకులు, పరీక్షించినవారు, లోపాలు తెలిపినవారి పేర్లూ చేరుస్తారు. అంటే ఒక్క వరస కోడ్ రాయకుండా కూడా మీ పని పదిమందికీ కనిపిస్తుంది.

రెజ్యూమెలో పోస్ట్‌గ్రెస్ కంట్రిబ్యూటర్ అని ముక్తసరిగా రాయకండి. ఆ మాటకు ప్రాజెక్టులో గుర్తింపు పొందినవారి జాబితా వేరే ఉంది. ఏం మార్చారు, ఏ వెర్షన్‌లో వచ్చింది, రచయితా సమీక్షకుడా, చర్చ లింకు ఏది, ఇంతవరకే రాయండి. ట్యాబ్ కంప్లీషన్ ప్యాచ్‌ను క్వెరీ ఇంజిన్ పనిగా వర్ణిస్తే లింకు నొక్కినవారికి నిమిషంలో తెలిసిపోతుంది.

స్టాఫ్ ఇంజినీర్ స్థాయి ఇంటర్వ్యూల్లో కమిట్ కంటే ఆ థ్రెడ్‌కే బరువెక్కువ. మీ డిజైన్‌ను ఒకరు తప్పుపట్టినప్పుడు ఏ ఆధారంతో నిలబడ్డారు, ఎక్కడ మార్చుకున్నారు, ఎంత స్పష్టంగా రాశారు అన్నవి అక్కడ తేదీలతో సహా ఉంటాయి. ఆఫీసులో చేసిన ఏ పనికీ ఇలాంటి బహిరంగ రుజువు చూపించలేం.

కంపెనీ లోపల పని సమయం అడగాలనుకుంటే, ముందు మీ సంస్థకు నొప్పి కలిగిస్తున్న ఒక సమస్యను ఎంచుకోండి. మీ సొంత ఫోర్కులో (పోస్ట్‌గ్రెస్ సోర్సుకు మీరు ఉంచుకున్న నకలులో) పెట్టుకున్న సవరణను ప్రతి వెర్షన్‌కూ మళ్లీ అతికించడానికి ఎన్ని గంటలు పోతున్నాయో లెక్క తీయండి. అది అసలు ప్రాజెక్టులో చేరితే ఆ గంటలు మిగులుతాయి. మేనేజర్లు ఈ లెక్కకు తలూపినంతగా ఆదర్శాలకు తలూపరు. మొదటి ఆరు నెలలకు వారానికి సగం రోజు అడగండి, అంతకు మించి అడిగితే తొలి గడువు ఒత్తిడికే అది ఎగిరిపోతుంది.

మనుషులను నేరుగా కలవాలంటే బెంగళూరులో జరిగే పీజీకాన్ఫ్ ఇండియా సదస్సుకు వెళ్లండి. కానీ వెళ్లేముందు కనీసం రెండు సమీక్షలు పంపి ఉండండి. అప్పుడు ఫలానా థ్రెడ్‌లో రాసింది మీరేనా అన్న దగ్గర మాట మొదలవుతుంది.